తుడవని పలక

2022 మార్చి 7న లినక్స్ కెర్నెల్‌లో ఉన్న ఒక లోపం గురించి ప్రపంచానికి తెలిసింది. దానికి డర్టీ పైప్ అని పేరు పెట్టారు. దాన్ని బాగుచేసిన ప్యాచ్‌ని నేను ఆ వారమే చదివాను. కొత్తగా చేర్చినవి రెండే లైన్లు. నిజానికి రెండూ ఒకటే లైను, రెండు చోట్ల రాశారు. 'ఈ గడిలో ఏముందో తీసేసి సున్నా పెట్టు' అని దాని అర్థం. అంతే. ఆ రెండు లైన్లు లేకపోవడం వల్ల, ఒక సర్వరులోకి మామూలు వాడుకరిగా అడుగుపెట్టిన ఎవరైనా సరే, తనకి చదవడానికి మాత్రమే హక్కున్న ఫైళ్ళని మార్చేసి, ఆ యంత్రానికి యజమాని అయి కూర్చోవచ్చు. ఆ రెండు లైన్లు రాయాలని తెలుసుకోవడానికి ఒక మనిషికి దాదాపు పది నెలలు పట్టింది.

నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేసేది ఆ పది నెలలే.

సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. "ఇంతకీ నువ్వు తయారుచేసేది ఏంటి?" అని మా చుట్టాలు అడుగుతుంటారు. ఏమీ తయారుచెయ్యను. ఎవరో తయారుచేసినవి పడిపోకుండా చూస్తుంటాను. ఈ పనిలో రోజూ తగిలేది కెర్నెల్. అదేంటో చెప్పమంటే నేను మా ఊరి నీరటిని గుర్తుచేస్తాను. చెరువు కింద ఎందరి పొలాలున్నా, ఏ తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలి అన్నది ఒక్క నీరటి చేతిలోనే ఉండేది. రైతులు ఒకరి గట్టు ఒకరు తెగ్గొట్టుకోకుండా చూసేదీ అతనే. కంప్యూటర్లో ప్రోగ్రాములన్నీ రైతులైతే, మెమరీ చెరువు నీళ్ళు, కెర్నెల్ నీరటి. నీరటి నిద్రపోతే ఏ గట్టుకీ విలువ ఉండదు. పక్క రైతు ఎంత మంచివాడైనా మీ మడి ఎండిపోవచ్చు, మునిగిపోనూవచ్చు.

లినక్స్ కెర్నెల్లో ఇప్పుడు 3 కోట్ల లైన్ల పైనే కోడ్ ఉంది. ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్లోనూ అదే. ప్రపంచంలోని అతి వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచీ ఉన్నవన్నీ లినక్స్‌వే. ఇంత పెద్ద దాంట్లో ఒక గడిని తుడవడం మరిచిపోవడం ఎంత చిన్న విషయం! కానీ మెమరీ దగ్గర చిన్నదీ పెద్దదీ అన్న తేడా మనం అనుకున్నట్టు ఉండదు.

మాక్స్ కెలర్మన్ జర్మనీలో వెబ్ హోస్టింగ్ రంగంలో పనిచేసే ప్రోగ్రామరు. 2021 ఏప్రిల్ నెలాఖరులో ఒక ఖాతాదారు నుంచి ఫిర్యాదు వచ్చింది. దించుకున్న లాగ్ ఫైలు తెరుచుకోవడం లేదు, పాడైపోయింది అని. చూస్తే నిజమే. కుదించిన ఫైలు చివర, లోపలి సమాచారం సరిగ్గా ఉందో లేదో సరిచూసుకోవడానికి ఒక లెక్క రాసి ఉంటుంది. ఆ లెక్క తప్పింది. మిగతా ఫైలంతా బాగానే ఉంది. ఆయన ఆ లెక్కని చేత్తో సరిచేసి ఇచ్చేశారు. ఫిర్యాదు మూసేశారు. మరిచిపోయారు.

కొన్ని నెలలకి మళ్ళీ అదే. ఆ తర్వాత మళ్ళీ. ప్రతిసారీ ఫైలు చివరే పాడవుతోంది.

అప్పుడాయన కూర్చుని, పాడైన ఫైళ్ళన్నీ వెతికించారు. వాటిలో ఒక వరస కనబడింది. ఎక్కువగా నెలలో చివరి రోజు ఫైలే పాడవుతోంది. పాడైన చోట ఎప్పుడూ ఆఖరి 8 బైట్లే. ఆ 8 బైట్లలో ఉన్నది కూడా పిచ్చిగీతలు కాదు, ప్రతిసారీ ఒకటే. వాటిలో మొదటి రెండూ పి, కె అనే అక్షరాలు. జిప్ ఫైళ్ళ పద్ధతిని కనిపెట్టిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు అవి. జిప్ ఫైలు లోపలి పట్టికలో ప్రతి పద్దూ వాటితోనే మొదలవుతుంది. ఖాతాదారులు ఒక నెల లాగులన్నీ ఒకేసారి అడిగితే, వీళ్ళ సర్వరు రోజువారీ ఫైళ్ళని వరసగా పేర్చి, చివర ఆ పట్టిక రాసి, ఒక జిప్‌గా పంపుతుంది. నెలలో ఆఖరి రోజు ఫైలు అయిపోగానే రాసేది పట్టికే. ఆ పట్టిక మొదటి ముక్క వెళ్ళాల్సిన చోటికి వెళుతూనే, దారిలో ఆఖరి రోజు ఫైలు తోక మీద కూడా పడుతోంది.

కానీ అలా పడటానికి వీల్లేదు. జిప్ తయారుచేసే ప్రోగ్రాముకి ఆ లాగ్ ఫైళ్ళని చదివే హక్కే ఉంది, రాసే హక్కు లేదు. కెర్నెల్ ఒప్పుకోకుండా ఎవరూ ఎక్కడా రాయలేరు. అంటే తప్పు కెర్నెల్‌దే అవ్వాలి. ఈ పనిలో ఉన్నవాళ్ళెవరూ అంత తేలిగ్గా ఆ మాట అనరు. ఆయనకి కూడా అది ఆఖరి అనుమానమే. ముందు తన కోడ్‌నే అనుమానించారు. అన్నీ తీసేశాక మిగిలింది అదొక్కటే. రెండు బుల్లి ప్రోగ్రాములు రాశారు. ఒకటి ఒక ఫైల్లో 'ఎ' అనే అక్షరం రాస్తూ పోతుంది. రెండోది ఆ ఫైలుని చదివి ఒక పైపులోకి పంపి, ఆ పైపులో 'బి' అనే అక్షరం రాస్తుంది, ఫైల్లో కాదు. కాసేపటికి ఫైల్లో 'బి'లు కనబడ్డాయి. ఎవరూ రాయని 'బి'లు.

ఇక్కడ కొంచెం లోపలికి వెళ్ళాలి. కెర్నెల్ ఒక ఫైలుని డిస్కు నుంచి తెచ్చినప్పుడు, దాన్ని మెమరీలో పేజీలుగా ఉంచుకుంటుంది. తర్వాత ఎవరు ఆ ఫైలు అడిగినా ఆ పేజీలనే చూపిస్తుంది. పైపు అంటే ఒక ప్రోగ్రాము నుంచి ఇంకో ప్రోగ్రాముకి సమాచారం పారే గొట్టం. దాని లోపల వరసగా గడులుంటాయి. ఒక్కో గడీ ఒక్కో పేజీని చూపిస్తుంది. పైపులో కొంచెం రాసి, మళ్ళీ కొంచెం రాస్తే, కొత్త పేజీ ఎందుకు దండగ అని కెర్నెల్ ముందు పేజీలో మిగిలిన ఖాళీలోనే రాసేస్తుంది. అలా రాయవచ్చా లేదా అన్నది ఆ గడి మీద ఒక గుర్తు చెబుతుంది. ఇక ఫైలుని పైపులోకి పంపేటప్పుడు సమయం ఆదా చెయ్యడానికి కాపీ కూడా చెయ్యదు. ఫైలు పేజీనే నేరుగా గడికి తగిలిస్తుంది. ఆ పేజీ పైపు సొంతం కాదు, అందరిదీ. కనుక దాని ఖాళీలో రాయడానికి వీల్లేదు. అలాంటి గడి మీద 'ఇందులో రాయవచ్చు' అనే గుర్తు ఉండకూడదు.

ఉండకూడదు సరే, తుడిచిందెవరు? ఎవరూ తుడవలేదు. గడులు మళ్ళీ మళ్ళీ వాడుకునేవి. ఇంతకుముందు ఆ గడిలో ఉన్నవాళ్ళ గుర్తు అలాగే మిగిలిపోయింది.

మా చిన్నప్పుడు బడిలో పలకలు తక్కువ పడితే పైతరగతి పిల్లల పలక తెచ్చుకునేవాళ్ళం. తడిగుడ్డతో తుడిచి ఇచ్చేవాడొకడు, అలాగే ఇచ్చేవాడొకడు. తుడవకుండా ఇస్తే పాత ఎక్కం అలాగే ఉండేది. దాని పక్కన మనం రాసుకున్న దాంతో కలిపి పంతులుగారు చదివితే ఏ ఎక్కమూ కాని ఎక్కం తయారయ్యేది. డర్టీ పైప్ అంతకన్నా పెద్ద విషయమేం కాదు.

ఇందులో నాకు ఆశ్చర్యం కలిగించింది దాని చరిత్ర. గడిని తుడవకపోవడం 2016లో, 4.9 కెర్నెల్లో మొదలైంది. అప్పుడు దానివల్ల ఏ నష్టమూ లేదు. ఎందుకంటే ఆ పలక మీద ముఖ్యమైనదేదీ రాసేవారు కాదు. 'ఇందులో రాయవచ్చు' అనే సంగతి అప్పట్లో వేరే చోట ఉండేది. 2020లో, 5.8 కెర్నెల్లో, ఎవరో కోడ్ శుభ్రం చేస్తూ ఆ సంగతిని పలక మీదికి మార్చారు. మార్పు చక్కగా ఉంది, చదవడానికి తేలికైంది కూడా. నాలుగేళ్ళుగా తుడవని పలక ఆ రోజున ప్రమాదంగా మారింది. ఇద్దరిలో ఎవరిది తప్పు? మొదటి మనిషి చేసిన దానివల్ల ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. రెండో మనిషి రాసిన దాంట్లో వెతికినా పొరపాటు దొరకదు.

మెమరీ లోపాలన్నిటికీ ఈ గుణం ఉంది. పుట్టే చోటు ఒకటి, బయటపడే చోటు ఇంకొకటి. ఖాళీ చేసిన ఇంటి తాళంచెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ వెళ్ళి తలుపు తీయడం లాంటి లోపాలుంటాయి. తీసేసరికి అక్కడ వేరే కుటుంబం ఉంటుంది. గీత దాటి పక్కవాడి కాగితం మీద రాసేసే లోపాలుంటాయి. అన్నిట్లోనూ దెబ్బ తగిలేది సంబంధం లేనివాళ్ళకి. కేకలు వేసేదీ వాళ్ళే. అందుకే నింద కూడా వాళ్ళ మీదే పడుతుంది. లాగ్ ఫైలు పాడైంది అంటే అందరూ లాగ్ ఫైలునే చూస్తారు.

ఇలాంటి నింద ఒకసారి మన అక్షరానికి కూడా పడింది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరాన్ని సందేశంగా పంపితే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోతున్నాయని వార్తలొచ్చాయి. ఆ అక్షరం 'జ్ఞా'. జ్ఞానంలోని మొదటి అక్షరం! మామూలుగా మనం టైపు చేసే 'జ్ఞా' కాదు, మధ్యలో కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు చొప్పించినది. 'తెలుగు అక్షరం ఫోన్లని చంపేస్తోంది' అన్న ధోరణిలో నవ్వుకున్నారు. మా ఆఫీసులో కూడా ఒకాయన నా వైపు తిరిగి "మీ భాష అంత ప్రమాదమా?" అన్నాడు. అక్షరం ఏం చేసింది? దాన్ని తెర మీద గీసే కోడ్ మెమరీ లెక్క తప్పింది. అదే ఏడాది ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6లో యాపిల్ సరిచేసినప్పుడు, అది మెమరీ దెబ్బతినే లోపమని వాళ్ళే రాశారు. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అలాంటి వరసలతో అదే జరిగేదని తర్వాత తేలింది. కానీ పేరు మాత్రం మన అక్షరానికే నిలిచిపోయింది. అది కెర్నెల్ లోపం కాదు, పైన ఉండే గ్రంథాలయంలోనిది. కుటుంబం మాత్రం ఒకటే.

మళ్ళీ 2022 మార్చికి వస్తాను. డర్టీ పైప్ సంగతి తెలిసిన రోజు మేం మా సర్వర్లన్నిటిలో కెర్నెల్ వెర్షన్లు చూశాం. పాతవాటిలో 3.10 ఉంది. వాటికి ఈ జబ్బు లేదు. 5.8 తర్వాత వచ్చిన వాటికే ఉంది. అంటే మేం శ్రద్ధగా ఎప్పటికప్పుడు కొత్తది ఎక్కించిన సర్వర్లే ప్రమాదంలో ఉన్నాయి, ఎవరూ పట్టించుకోనివి భద్రంగా ఉన్నాయి. ఆ రాత్రి రీస్టార్ట్ చెయ్యాలని మా మేనేజరుగారిని అనుమతి అడిగాను.

"మళ్ళీనా? మొన్ననే కదా ఆపింది."

"ఇది ఆగేది కాదు సార్. ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది."

"చూశావా మరి, నేను చెప్తే విన్నావా? పనిచేస్తున్నదాన్ని కదపొద్దని. కదిపినవే తగలబడ్డాయి."

ఆయన ఎగతాళికి అన్నా, ఆ రోజు లెక్క ప్రకారం ఆయన మాటే నిజం. నా దగ్గర వెంటనే జవాబు లేదు. తర్వాత ఇచ్చిన జవాబు డర్టీ కౌ. పేరులో ఆవు ఉన్నా దానికీ ఆవుకీ సంబంధం లేదు. 'రాసేటప్పుడు మాత్రమే కాపీ చెయ్యి' అనే పద్ధతికి ఇంగ్లిషులో ఉన్న పొడి అక్షరాలు కలిస్తే ఆవు అవుతుంది, అంతే. 2007లో వచ్చిన 2.6.22 కెర్నెల్ నుంచీ 2016 అక్టోబరు దాకా, తొమ్మిదేళ్ళు, ఆ లోపం అక్కడే ఉంది. ఇదీ చదివే హక్కు మాత్రమే ఉన్న ఫైల్లో రాయనిచ్చేదే. మేం కదపని ఆ పాత 3.10 సర్వర్లకి కూడా అది ఉండింది. దాన్ని పట్టుకున్న ఫిల్ ఆస్టర్, తన సర్వరుకి వచ్చే రాకపోకలన్నీ భద్రపరుచుకునే అలవాటు ఉన్న మనిషి. ఎవరో ఆ లోపంతో తన సర్వరు మీదే దాడి చేస్తే, దాచుకున్న దాంట్లోంచి ఆ దాడి ప్రోగ్రాముని బయటికి తీశారు. అంటే మంచివాళ్ళకి తెలిసేలోపే చెడ్డవాళ్ళు వాడుకుంటున్నారు.

దాన్ని బాగుచేసిన ప్యాచ్ రాసింది లినస్ టోర్వాల్డ్స్. ఆ ప్యాచ్ పైన ఆయన రాసిన వివరణ నాకు ఇష్టం. ఇది చాలా పాత లోపమనీ, పదకొండేళ్ళ క్రితం తానే దీన్ని సరిచెయ్యబోయి సరిగ్గా చెయ్యలేదనీ, ఆ మార్పు వేరే రకం యంత్రాల మీద ఇబ్బంది పెట్టడంతో వెనక్కి తీసేశారనీ అందులో ఉంది. అప్పట్లో కాగితం మీద మాత్రమే జరిగే ప్రమాదమనుకున్నది, కెర్నెల్లో మెమరీ చూసుకునే భాగం మెరుగయ్యేకొద్దీ నిజంగా జరగడం సులువైందని కూడా చెప్పారు. కోట్లమంది వాడే వస్తువు గురించి, అందరూ చూసేచోట, ఎప్పటికీ చెరిగిపోని చరిత్రలో, సంజాయిషీ లేకుండా నాలుగు ముక్కల్లో రాసేశారు. ఆ వివరణ లేకపోతే రేపు ఇంకొకరు అదే తోవలో అదే గోతిలో పడతారు. మరమ్మతు చేసేవాళ్ళకి ఇలాంటి రాతలే పాఠ్యపుస్తకాలు.

మేనేజరుగారికి ఇదంతా చెప్పాను. కదపకపోతే పాత లోపాలు ఉంటాయి, కదిపితే కొత్తవి రావచ్చు. కానీ పాత లోపాలు మనకన్నా ముందు ఎవరికో తెలిసి ఉంటాయి. ఆయన కాసేపు ఊరుకుని, "రెండింటి తర్వాత చెయ్యి, నాలుగింటికల్లా అయిపోవాలి" అన్నారు. అయింది.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. మెమరీలో తప్పుగా ముట్టుకున్న చోట గంట కొట్టే పరికరాలు కెర్నెల్లోనే ఉన్నాయి. పగలూ రాత్రీ దానికి అర్థంపర్థం లేని ఆజ్ఞలిస్తూ ఎక్కడ కూలుతుందో చూసే యంత్రాలున్నాయి. తమ ఉత్పత్తుల్లో ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. తీవ్రమైన లోపాల్లో దాదాపు అంతే వాటా అని క్రోమియం బృందమూ చెప్పింది. అందుకే ఇలాంటి తప్పుల్లో చాలావాటిని రాసేటప్పుడే ఒప్పుకోని రస్ట్ భాషకి 2022 డిసెంబరులో వచ్చిన 6.1 కెర్నెల్లో చోటిచ్చారు. రస్ట్‌లో పలక తుడవకుండా చేతికివ్వడం కుదరదు, ఆ పని చేస్తున్నానని పైకి చెప్పి చేస్తే తప్ప. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నెల్ బృందమే తన లోపాలకి తానే నంబర్లు ఇస్తోంది. ఆ జాబితా ఇప్పుడు వేలల్లో ఉంటోంది. చూసినవాళ్ళు బెంబేలెత్తి "ఇన్ని చిల్లులా!" అంటున్నారు. చిల్లులు కొత్తవి కావు, లెక్క రాయడం కొత్త.

అయినా యంత్రాలు వెతికే తీరుకి ఒక హద్దు ఉంది. డర్టీ పైప్ వల్ల ఏదీ కూలలేదు. గంట మోగలేదు. మెమరీ పరంగా అంతా సక్రమమే. గడి ఉంది, పేజీ ఉంది, గుర్తు ఉంది, ఆ గుర్తు మాత్రం ఇంకొకరిది. దాని వల్ల బయటికి కనిపించింది తెరుచుకోని ఒక లాగ్ ఫైలు. ఎన్ని కళ్ళు చూస్తే అంత సులువుగా లోపాలు దొరుకుతాయని ఈ రంగంలో ఒక నమ్మకం ఉంది. ఆ కోడ్ అందరి కళ్ళ ముందే ఉంది. కళ్ళు చాలా ఉన్నాయి, చూడడానికి కారణం ఒక్కరికే దొరికింది.

నాకు తెలిసిన సపోర్టు విభాగాల్లో ఫిర్యాదుకి ఒక గడువు ఉంటుంది. 'మా దగ్గర మళ్ళీ జరగడం లేదు' అని రాసి మూసేస్తారు. ఎన్ని మూస్తే అంత మంచి పేరు. మూడోసారి అదే ఫిర్యాదు వచ్చినప్పుడు మొదటి రెండింటిని గుర్తుపెట్టుకుని పక్కన పెట్టి చూసేందుకు ఎవరికీ జీతం ఇవ్వరు. కెలర్మన్ చేసింది అదే. 2022 ఫిబ్రవరి 19న అది కెర్నెల్ లోపమని తేల్చుకున్నారు. మర్నాడే ప్యాచ్‌తో సహా కెర్నెల్ భద్రతా బృందానికి పంపారు. మూడు రోజుల్లో, 23న, బాగుచేసిన కెర్నెళ్ళు విడుదలయ్యాయి. పది నెలలు వెతకడానికి, నాలుగు రోజులు బాగుచెయ్యడానికి. ఎవరైనా మరమ్మతు పని చేసేవాళ్ళని అడగండి, సైకిలు షాపతన్నయినా సరే, లెక్క ఇలాగే చెబుతారు.

ఆ ప్యాచ్ కింద కెలర్మన్ పేరుంది. దాన్ని చూసి ఒప్పుకున్నవాళ్ళ పేర్లున్నాయి. మొదటిసారి లాగ్ ఫైలు తెరుచుకోక ఫిర్యాదు రాసిన ఖాతాదారు పేరు లేదు. ఆ మనిషికి బహుశా ఇప్పటికీ తెలియదు. పోనీలే, ఒక్క రోజు లాగే కదా అని ఊరుకుని ఉంటే ఏమయ్యేదో కూడా తెలియదు. ఎవరైనా సర్వరు గురించి ఏదో తేడాగా ఉందని చెప్పినప్పుడు, అది ఎంత చిన్నదైనా, నేను తారీఖు వేసి ఒక చోట రాసుకోవడం మొదలుపెట్టింది ఆ మార్చి నుంచే. ఇప్పటికి ఆ పుస్తకంలో నలభై దాకా ఉన్నాయి. చాలావాటికి కారణం దొరికింది. ఆరింటికి ఇంకా దొరకలేదు.